బొమ్మ గీయించుకునే ముందే ధర తేల్చుకుందాం



జకాత్ లెక్క ఎలా వేయాలో, విద్యార్థులకు సాయం ఎలా అందాలో మనం తరచుగా మాట్లాడుకుంటాం. మన చేతుల మీదుగా ప్రతి ఏడూ వెళ్లే ఇంకో డబ్బు ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. దుకాణానికి బోర్డు రాయిస్తాం. బియ్యం సంచికి బొమ్మ వేయిస్తాం. ఫంక్షన్ హాలు గోడ మీద ఖత్తాతీ చేయిస్తాం. కొత్త సంవత్సరానికి క్యాలెండర్ వేయిస్తాం. ఈ పనులు చేసేవాళ్లలో మన వీధి పిల్లలు, మన బంధువుల అమ్మాయిలు, ఒకప్పుడు చేత్తో ఉర్దూ రాసి బతికిన కాతిబ్‌ల ఇళ్లవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఎంత ఇవ్వాలి, ఆ అంకె ఎలా వస్తుంది అన్నదే ఈ పాఠం.

చందూర్ నుంచి వర్ని, రుద్రూర్, కోటగిరి, బోధన్ వరకు చూడండి. రైస్ మిల్లులు, కిరాణా హోల్‌సేల్ కొట్లు, బట్టల షాపులు, ఆసుపత్రులు, శాదీఖానాలు. ఒక్క చోటైనా బొమ్మ గానీ రాత గానీ లేని గోడ ఉండదు. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. శక్కర్‌నగర్‌లో ఆ సైరన్ మీద ఆధారపడిన ఇళ్ల పిల్లలు ఇప్పుడు తమ చేతి పని మీద ఆధారపడాలి. కంప్యూటర్ ముందు కూర్చుని డిజైన్లు చేయడం అలాంటి ఒక పని. పెట్టుబడి తక్కువ, ఇంట్లోనే చేసుకోవచ్చు, ఆడపిల్లలకు బయటికి వెళ్లే ఇబ్బంది ఉండదు. అయితే దీని ధర ఎవరికీ తెలియదు. గీసేవాళ్లకూ తెలియదు, గీయించుకునేవాళ్లకూ తెలియదు.

సాధారణంగా జరిగేది ఇది. మిల్లు యజమాని అడుగుతాడు, "ఎంత ఇవ్వాలి బేటీ?" అమ్మాయి తల దించుకుని అంటుంది, "మీ ఇష్టం సేట్ సాబ్, మీరు ఎంత ఇస్తే అంత." వినడానికి ఇది అదబ్‌లా ఉంటుంది. నిజానికి ఇద్దరూ అసలు విషయాన్ని దాటవేశారు. పని అయ్యాక సేట్ సాబ్ జేబులోంచి ఓ రెండు వేలు తీస్తాడు. ఆయన దృష్టిలో అది ఎక్కువే. "కంప్యూటర్ మీద ఓ గంట పని, అంతేగా?" అమ్మాయి దృష్టిలో వారం రోజుల పని పోయింది. ఇద్దరిలో ఎవరూ దుర్మార్గులు కారు. ధర ముందుగా తేలలేదు, అంతే.

చదరపు అడుగు లెక్క ఎక్కడ సరిపోతుంది

మన దగ్గర బొమ్మకు ధర కట్టే పాత పద్ధతి చదరపు అడుగు. బోర్డు ఎంత వెడల్పు, ఎంత ఎత్తు, అడుగుకు ఎంత. గోడ మీద, రేకు మీద రంగుతో రాసే ఆర్టిస్టుకు ఇది అర్థమున్న లెక్కే. పెద్ద బోర్డుకు రంగు ఎక్కువ పడుతుంది, నిచ్చెన మీద ఎక్కువ సేపు నిలబడాలి.

ఎం.ఎఫ్. హుస్సేన్ పేరు మీకు తెలుసు. 1930లలో ఆయన బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నారు. అప్పట్లో చదరపు అడుగుకు నాలుగు నుంచి ఆరు అణాలు మాత్రమే ఇచ్చేవారని ఆయనే చెప్పుకున్నారు. అదే మనిషితో 2004లో ముంబైకి చెందిన ఒక వ్యాపారి 100 చిత్రాలకు 100 కోట్ల రూపాయల ఒప్పందం కుదుర్చుకున్నారు. ఒక్కో చిత్రానికి కోటి. ఇక్కడ అడుగుల ప్రసక్తే లేదు. ఆ ఒప్పందం 25 చిత్రాల దగ్గర ఆగిపోయింది, అది వేరే కథ. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మొదటి ధర గోడ కొలత మీద వచ్చింది, రెండోది ఆ బొమ్మ కొనేవాడికి ఏం తెచ్చిపెడుతుందన్న లెక్క మీద వచ్చింది. మన ఊళ్లో పిల్లలు హుస్సేన్‌లు కారు, కోటి అడగరు. అయినా ఆ రెండో లెక్క చిన్న పనికీ వర్తిస్తుంది.

ఎందుకంటే సంచి మీది బొమ్మకు, లోగోకు చదరపు అడుగు అర్థం లేని కొలత. లోగో విజిటింగ్ కార్డు మీద అంగుళం ఉంటుంది, లారీ మీద పది అడుగులు ఉంటుంది. గీసిన పని ఒక్కటే. ఫ్లెక్స్ షాపువాడు అడుగు లెక్కన తీసుకునే డబ్బు అచ్చుకూ గుడ్డకూ చెందినది, అందులో బొమ్మ ఆలోచించిన మనిషి కూలి దాదాపు లేదు. చాలా షాపుల్లో "డిజైన్ ఫ్రీ" అంటారు. ఆ ఫ్రీ అన్న మాట వినీ వినీ డిజైన్‌కు ధరే లేదనుకోవడం మనకు అలవాటైపోయింది.

ఒక సంచి లెక్క

మాటలకన్నా ఒక లెక్క చేద్దాం. ఇది ఊహించి వేసిన లెక్క, అంకెలు మీ పరిస్థితిని బట్టి మార్చుకోండి. పద్ధతి మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఒక మిల్లు తన సన్నబియ్యానికి కొత్త బ్రాండు పెడుతోంది. 2022 జులైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ పడ్డాక 26 కిలోల సంచులు మొదలైన సంగతి మీకు తెలుసు. ఆ 26 కిలోల సంచికి బొమ్మ కావాలి. పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో ఉండాలి, వరి కంకులు ఉండాలి, వెనక నిజాంసాగర్ కట్ట కనిపించాలి. పని బోధన్‌లో ఇంటి దగ్గర డిజైన్లు చేసే ఒక అమ్మాయికి ఇచ్చారు.

ముందు ఆమె ఒక గంట ఖరీదు తేలాలి. ఇంటి ఖర్చులో ఆమె వాటా నెలకు 15,000 అనుకుందాం. కరెంటు, నెట్, కంప్యూటర్ అరుగుదల, సాఫ్ట్‌వేర్ కలిపి 3,000. జబ్బుపడితే, పని దొరకని నెల వస్తే అని పక్కన పెట్టేది 2,000. మొత్తం 20,000. ఇప్పుడు అసలైన తిరకాసు. ఆమె నెలలో 26 రోజులు, రోజుకు ఏడు గంటలు కూర్చుంటే 182 గంటలు. ఆ గంటలన్నిటికీ డబ్బు రాదు. పని కోసం తిరగడం, ఫోన్లు, కుదరని బేరాలు, కొత్తది నేర్చుకోవడం, రావలసిన బాకీల కోసం తిరగడం, వీటికి ఎవరూ చెల్లించరు. సగానికి కాస్త ఎక్కువగా, 100 గంటలు డబ్బు వచ్చే పని దొరికిందంటే మంచి నెల. 20,000ను 100తో భాగిస్తే గంటకు 200.

"గంటకు రెండొందలా!" అనుకునేవారు మన కొట్టుకు ఈ లెక్క వేసుకుని చూడండి. కొట్టు ఉదయం నుంచి రాత్రి దాకా తెరిచి ఉంటుంది, గిరాకీ మాత్రం కొన్ని గంటలే. ఖాళీ గంటల అద్దె కూడా గిరాకీ ఉన్న గంటల్లోనే రాబట్టుకుంటాం. సరుకు మీద మనం వేసే లాభంలో ఆ ఖాళీ గంటలు ఉన్నాయి. ఆమె గంటలో కూడా ఉన్నాయి.

సంచి పనికి ఎన్ని గంటలు? మిల్లుకు వెళ్లి మాట్లాడి, పక్క బ్రాండ్ల సంచులు చూసి రావడానికి 4. కాగితం మీద మూడు నాలుగు రకాల నమూనాలకు 10. మూడు లిపుల్లో పేరు రాయడానికి 12. (ఉర్దూ రాత ఫాంట్‌తో తెచ్చి అతికిస్తే గంటలో అవుతుంది, చూడగానే తెలిసిపోతుంది కూడా.) కంప్యూటర్‌లో రంగులు విడదీసి, సంచి అచ్చువేసేవాడికి సరిపోయేలా ఫైలు తయారు చేయడానికి 8. మార్పులకు 6. మొత్తం 40 గంటలు, 8,000 రూపాయలు. కాగితం, ప్రూఫు ప్రింట్లు, రానుపోను చార్జీలకు 700. ఇది 8,700.

ఇది కష్టం ఖరీదు. ఇంకా వాడకం ఖరీదు కలపలేదు.

ఈ బొమ్మ ఏటా 50,000 సంచుల మీదకు వెళ్తుంది. సంచికి పది పైసల చొప్పున వేస్తే ఏడాదికి 5,000. మొదటి ఏడాది మొత్తం 13,700. సంచి ఒక్కింటికి పంచితే 27 పైసల పైచిలుకు. లోపల ఉన్న బియ్యం ధర పక్కన పెట్టండి, ఖాళీ సంచి కొనడానికి మీరెంత ఇస్తున్నారో ఒకసారి గుర్తుచేసుకోండి. కొట్టులో పేర్చిన పది బ్రాండ్ల మధ్య కొనేవాడి కన్ను మీ సంచి మీద ఆగేలా చేసేది ఆ 27 పైసలే.

మొదట చెప్పిన రెండు వేల దగ్గరికి మళ్లీ వద్దాం. అందులో 700 ఖర్చు పోతే మిగిలింది 1,300. రోజుకు ఏడు గంటల లెక్కన 40 గంటలంటే దాదాపు ఆరు పనిదినాలు. రోజుకు 230 కూడా రాదు. ఉపాధి హామీ పథకంలో 2024-25లో తెలంగాణకు నిర్ణయించిన రోజు కూలి 300. మట్టి పని తక్కువని నేను అనడం లేదు. మూడు లిపులు రాయగల చేతికి, కంప్యూటర్ కొనుక్కుని, కరెంటు బిల్లు తానే కట్టుకునే మనిషికి, మనం తెలియకుండానే అంతకన్నా తక్కువ ఇచ్చాం.

వాడకానికి వేరే ధర ఎందుకు

దాతల్లో కొందరు ఇక్కడ ఆగి అడుగుతారు. "కష్టానికి డబ్బు ఇచ్చాక ఇంకా వాడకానికి ఎందుకివ్వాలి? కుర్చీ చేసిన వడ్రంగి, కూర్చున్నప్పుడల్లా డబ్బు అడగడు కదా?" మంచి ప్రశ్నే. కుర్చీ ఒక్కటే, దానిలో కూర్చునేది ఒక్కరే. బొమ్మ అలా కాదు. ఒకసారి గీసినది లక్షసార్లు అచ్చవుతుంది, ప్రతి కాపీ ఒక సరుకును అమ్మిపెడుతుంది. అదే బొమ్మను ఇంటి గోడకు పెట్టుకోవడానికి కొంటే నేను కష్టం ఖరీదు చాలంటాను. వ్యాపారానికి కొన్నప్పుడు బొమ్మ కూడా వ్యాపారంలో పని చేస్తుంది కాబట్టి దాని లెక్క వేరుగా ఉండాలి.

దీనికి లోకమంతా ఎరిగిన ఉదాహరణ నైకీ బూట్ల మీది టిక్కు గుర్తు. 1971లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో కరోలిన్ డేవిడ్సన్ అనే విద్యార్థిని దాన్ని గీసింది. గంట లెక్కన కూలి కట్టారు, మొత్తం 35 డాలర్లు వచ్చింది. అప్పుడు ఆ కంపెనీ చిన్నది, ఎవరూ మోసం చేయలేదు. వాడకం సంగతి ఎవరూ తలచుకోలేదు, అంతే. 1983లో కంపెనీ ఆమెను పిలిచి, ఆ గుర్తు ఆకారంలో చేసిన వజ్రపుటుంగరం, కొన్ని షేర్లు ఇచ్చింది. అది కంపెనీ పెద్దమనసు, ఎహ్సాన్. ఆ పెద్దమనసు అందరికీ రాదు, పన్నెండేళ్ల తర్వాత వస్తుందని ఎదురుచూస్తూ ఎవరూ కూర్చోలేరు. అందుకే ముందు కాగితం మీద రాసుకోవడం.

వాడకం ధర వేయడానికి ఒకే సూత్రం లేదు. సంచికి ఇన్ని పైసలని వేయవచ్చు. ఏడాదికి ఇంతని మొత్తంగా అనుకోవచ్చు. ఒక్క జిల్లాలో అమ్మే సరుకుకు తక్కువ, హైదరాబాద్, మహారాష్ట్ర దాకా వెళ్లే సరుకుకు ఎక్కువ వేయడం న్యాయం. ఏటా లెక్క చూసుకునే ఓపిక మిల్లుకు లేకపోతే బొమ్మను హక్కులతో సహా ఒకేసారి కొనేసుకోవచ్చు. పై ఉదాహరణలో నేనైతే మూడేళ్ల వాడకం ధర 15,000 కలిపి, 23,700కు పూర్తి హక్కు ఇచ్చేయమని ఆ అమ్మాయికి చెబుతాను. మిల్లుకు తలనొప్పి ఉండదు, ఆమెకు డబ్బు ఒకచోట వస్తుంది. కంప్యూటర్ మార్చుకోవాలన్నా, ఫీజు కట్టాలన్నా విడివిడిగా వచ్చే ఐదు వేల కన్నా ఒక్కసారి వచ్చే పదిహేను వేలే పనికొస్తాయి.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం గీసినవారే మొదటి హక్కుదారు. దానికి ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బిచ్చి పెయింటింగ్, రూపచిత్రం, ఫోటో వంటివి చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు చేయించుకున్నవారిది అవుతుంది. మరి సంచి బొమ్మ పెయింటింగా, మరో రకం చిత్రమా? లోగో సంగతేమిటి? ఇక్కడే వకీళ్లకు పని దొరుకుతుంది. అదే చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అనుకుంటారు. ఎక్కడెక్కడ చెల్లుతుందో రాయకపోతే భారతదేశం వరకే. మిల్లు యజమానులు ఇది బాగా గమనించాలి. ఐదేళ్లలో బ్రాండు నిలదొక్కుకున్నాక, ఆ బొమ్మ ఎవరిదన్న తగాదా వస్తే నష్టం మీకే ఎక్కువ. ఒక పేజీ రాసుకోవడం గీసినవారికి ఎంత రక్షణో మీకూ అంతే రక్షణ.

ఇస్తిస్నా అనే పాత దారి

చేయించుకునే సరుకు గురించి మన ఫిఖహ్‌లో ప్రత్యేకమైన అధ్యాయమే ఉంది. దాన్ని ఇస్తిస్నా అంటారు. ఇంకా తయారు కాని వస్తువును ఫలానా విధంగా చేసిపెట్టమని పనివాడికి చెప్పి కుదుర్చుకునే ఒప్పందం అది. లేని వస్తువును అమ్మకూడదన్న సాధారణ నియమం ఉన్నా, ప్రజల అవసరాన్నీ వాడుకనూ చూసి హనఫీ ఫుఖహాలు దీన్ని అనుమతించారు. షరతులు మాత్రం స్పష్టంగా పెట్టారు. వస్తువు రకం, కొలత, నాణ్యత ముందే వివరించాలి. ధర ముందే తెలియాలి. డబ్బు మొత్తం ముందే ఇవ్వనక్కర లేదు, వాయిదాల్లో ఇవ్వవచ్చు, పని అయ్యాకైనా ఇవ్వవచ్చు. ఉస్మానీల కాలంలో 1876కు పూర్తయిన మజల్లా చట్టం దీన్ని ఇంకా గట్టి చేసింది. ఒప్పందం కుదిరాక ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గకూడదు, చెప్పినట్టు లేకపోతే మాత్రం చేయించుకున్నవాడికి వద్దనే హక్కు ఉంటుంది.

ఈ షరతులను సంచి బొమ్మ పక్కన పెట్టి చూడండి. "మీరెంత ఇస్తే అంత" అన్నది మర్యాద అనుకున్నాం. ఇస్తిస్నా లెక్కలో అది ధర తెలియని ఒప్పందం. తెలియనితనం, అంటే జహాలత్, తగాదాకు దారి తీస్తుంది కాబట్టే దాన్ని కాదన్నారు. దివ్య ఖుర్ఆన్‌లో అల్ ఖసస్ సూరాలో మూసా అలైహిస్సలామ్ మద్యన్‌లో పనికి కుదిరిన వృత్తాంతం ఉంది. ఎనిమిదేళ్లు షరతు, పదేళ్లు చేస్తే అది నీ ఔదార్యం అన్న మాట ముందే తేలిపోయింది. ఏది తప్పనిసరో, ఏది ఇష్టపూర్వకమో విడిగా చెప్పడం అంత పాత పద్ధతి.

ఇది మార్పుల విషయంలో ఎంతో అవసరం. గీసేవాళ్ల నడుము విరిచేది బేరం కాదు, "జర ఈ ఒక్కటి మార్చు బేటీ" అన్న మాట. ఎరుపు బదులు పచ్చ. పచ్చ బదులు మళ్లీ ఎరుపు. బావమరిది చూసి కంకులు చిన్నవన్నాడు. అచ్చువేసేవాడు అక్షరాలు లావు చేయమన్నాడు. హజ్ నుంచి వచ్చిన పెద్దాయన పేరే మార్చమన్నారు. ఒక్కోటి అరగంటే. ఇరవై మార్పులంటే పది గంటలు, అంటే ఆమె లెక్కలో రెండు వేలు, ఎవరి ఖాతాలోనూ లేని డబ్బు. రెండు విడతల మార్పులు ధరలో కలిపి, ఆ తర్వాత గంటకు ఇంతని రాసుకుంటే విచిత్రం జరుగుతుంది. మార్పులు చెప్పే ముందు ఇంట్లోవాళ్లంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటారు! ఆ తర్వాత ఆమె ఒక మార్పు ఉచితంగా చేస్తే అది ఆమె ఔదార్యం, మీరు షుక్రియా చెప్పవలసిన విషయం.

బయానా గురించి ఒక జాగ్రత్త. పని వద్దనుకుంటే బయానా వదులుకోవాలన్న షరతును హంబలీలు ఒప్పుకుంటారు, హనఫీలు సహా చాలామంది ఒప్పుకోరు. మన ప్రాంతంలో ఈ చిక్కును దాటే తేలికైన దారి పనిని మెట్లుగా విడగొట్టడం. నమూనాలు గీయడం ఒక పని, దాని కూలి వేరు. తుది బొమ్మ మరో పని, దాని ధర వేరు. నమూనాలు చూశాక వద్దనుకుంటే మొదటి పని కూలి ఇచ్చేసి సలామ్ చెప్పి విడిపోవచ్చు. ఎవరి డబ్బూ ఎవరూ జప్తు చేసుకున్నట్టు కాదు. సందేహం ఉంటే మీ మసీదు ఇమాం సాబ్‌ను అడగండి.

రాత ఇలా ఉంటే చాలు. దీనికి స్టాంపు కాగితం కోసం పరుగెత్తనక్కర లేదు.

"మా రైస్ మిల్లు 26 కిలోల బియ్యం సంచికి రెండు రంగుల్లో డిజైను చేయమని ఫలానా వారిని కోరాము. పేరు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లో ఉండాలి. మూడు నమూనాలకు కూలి 2,800 రూపాయలు, అవి చూపిన రోజే ఇస్తాము. ఒక నమూనా ఎంచుకున్నాక తుది డిజైనుకు, ఖర్చులతో కలిపి, 5,900 రూపాయలు. ఇందులో సగం పని మొదలుపెట్టేటప్పుడు, సగం ఫైలు ఇచ్చేటప్పుడు ఇస్తాము. రెండు విడతల మార్పులు ఇందులో ఉన్నాయి, ఆపై గంటకు 200. ఈ డిజైను ఒక సంవత్సరం పాటు 50,000 సంచుల వరకు వాడుకుంటాము, దానికి 5,000 రూపాయలు. ఆ తర్వాత వాడితే ఏటా అంతే ఇస్తాము. ఇతర సరుకుల మీద వాడదలిస్తే ముందుగా మాట్లాడుకుంటాము. తాను చేసిన పనిగా దీన్ని ఇతరులకు చూపుకునే వీలు గీసినవారికి ఉంటుంది."

కింద ఇద్దరి సంతకాలు, తేదీ. రెండు కాపీలు. అప్పు లావాదేవీ రాసుకోమని ఆదేశించిన ఉమ్మత్ మనది. పెళ్లికి గ్యాస్ సిలిండర్లు ఎన్ని వచ్చాయో రాసుకుంటాం, బొమ్మ ధర మాత్రం నోటిమాట మీద వదిలేస్తాం.

ధర అంటే నగదే కావాలని లేదు, తెలిసి ఉండాలి, అంతే. 1967లో ఎయిర్ ఇండియా కోసం ఆష్‌ట్రేలు రూపొందించిన స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ ప్రతిఫలంగా ఏనుగు పిల్ల కావాలన్నాడు, కంపెనీ నిజంగానే బెంగళూరు నుంచి విమానంలో ఏనుగు పిల్లను పంపింది. మన సేట్ సాబ్‌లు బియ్యం ఇస్తానంటే అదీ సరే. ఎన్ని సంచులో, ఏ రకమో ముందు చెప్పాలి.

ఆలస్యం ఎవరి నెత్తిన పడుతుంది

శ్రామికుడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధ మన మజ్లిసుల్లో తరచుగా వింటాం. పొలం కూలీ విషయంలో పాటిస్తాం కూడా, సాయంత్రానికి చేతిలో పెడతాం. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి చెమట పట్టదు కాబోలు, "పండగ తర్వాత చూద్దాం" అంటాం.

దేశ చట్టం ఈ విషయంలో గట్టిగానే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఉద్యమ్‌లో నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థలకు, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువు లోపల, ఎంతైనా 45 రోజులకు మించకుండా, చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున చక్రవడ్డీ. ఇంటి దగ్గర ఒంటరిగా డిజైన్లు చేసే మనిషి కూడా ఉద్యమ్‌లో ఉచితంగా నమోదు కావచ్చు.

ఇక్కడ మన సమాజానికి మాత్రమే ఉన్న ఒక చిక్కు చూడండి. ఆ వడ్డీని మన పిల్లలు అడగరు, తీసుకోరు. చట్టం వాళ్ల చేతికిచ్చిన కర్ర ఆ వడ్డీయే. దాన్ని దీన్ కోసం పక్కన పెట్టిన మనిషికి ఆలస్యంగా ఇస్తే, ఆమె ఈమాన్ నుంచి మనం లాభం తీస్తున్నట్టు అవుతుంది. వడ్డీ అడిగే వాడికి ముందు కట్టి, అడగని మన పిల్లకు చివర కట్టే వ్యాపారిని ఏమనాలో మీరే చెప్పండి.

వడ్డీ ప్రసక్తి లేని మరో నియమం కూడా ఉంది. 2023 ఆర్థిక చట్టంతో ఆదాయపు పన్నులో చేర్చినది. నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు ఇవ్వాల్సిన డబ్బు ఆ గడువు దాటించితే, నిజంగా చెల్లించిన సంవత్సరం దాకా దాన్ని ఖర్చుగా చూపుకోవడం కుదరదు. మీ అకౌంటెంట్‌ను అడగండి, మార్చి నెలాఖరులో ఆయనే మీకు గుర్తుచేస్తాడు. టీడీఎస్ కోయవలసి వస్తే ఆ సంగతి ధర మాట్లాడేటప్పుడే చెప్పి పాన్ నంబరు తీసుకోండి.

జకాత్ మాట కూడా ఒకటి చెప్పాలి. కూలి తక్కువ ఇచ్చి, రంజాన్‌లో అదే ఇంటికి జకాత్ పంపే అలవాటు అక్కడక్కడా ఉంది. ఇవ్వవలసిన ఉజ్రత్ అప్పు లాంటిది, దాన్ని జకాత్‌లో కలిపి లెక్క చూపడం చెల్లదు. కూలి ఆమె హక్కు. సరైన ధర అందిన ఇల్లు కొన్నాళ్లకు జకాత్ తీసుకునే జాబితాలోంచి ఇచ్చే జాబితాలోకి మారవచ్చు. మన సంఘాల పని అదే కదా.

ఉచితం ఎవరి మాట

"మస్జిద్ పని, సంఘం పని, సవాబ్ వస్తుంది" అని ఉచితంగా చేయించుకునే పనులు చాలా ఉంటాయి. ఉచితంగా చేయడం తప్పు కాదు. హుస్సేన్ గురించి మళ్లీ ఒక మాట. హైదరాబాద్ వ్యాపారి బద్రీవిశాల్ పిత్తీ ప్రోత్సాహంతో ఆయన ఎనిమిదేళ్ల పాటు రామాయణం మీద దాదాపు 150 చిత్రాలు వేశారు. దానికి ఒక్క పైసా తీసుకోలేదని ఆయనే చెప్పుకున్నారు. ఆ మాట అనవలసింది గీసినవారే. కొనేవాడు ముందుగా "ఇది ఉచితం" అంటే అది సేవ కాదు, మొహమాటపెట్టడం. పైగా చేసేవాళ్లు అడగలేని స్థితిలో ఉంటారు, ఇమాం సాబ్ ముందు, సంఘం పెద్దల ముందు ధర అనే మాట ఎలా ఎత్తుతారు?

అందుకని సంఘాలు పోస్టర్, సావనీర్ కవర్, మిహ్రాబ్ రాత చేయించుకునేటప్పుడు మొదట ధర అడగాలి. వాళ్లు చెప్పిన ధర పద్దులో రాయాలి. ఆ తర్వాత వాళ్లు కొంత గానీ, మొత్తం గానీ వదులుకుంటే ఆ మొత్తాన్ని వాళ్ల పేరున చందాగా చూపించాలి. వెయ్యి రూపాయలు నగదు ఇచ్చిన దాత పేరు జాబితాలో వస్తుంది, ఐదు వేల రూపాయల పని ఇచ్చిన అమ్మాయి పేరు ఎందుకు రాకూడదు?

చివరిగా, డబ్బు నిజంగా తక్కువ ఉన్నప్పటి సంగతి. కొత్తగా కొట్టు పెట్టినవారి దగ్గర 13,700 ఉండకపోవచ్చు. అప్పుడు రేటు తగ్గించమని అడగకండి, పని తగ్గించండి. మూడు లిపుల బదులు రెండు. మూడు నమూనాల బదులు ఒకటి. కంకులు చాలు, కట్ట వద్దు. అచ్చు ఒకే రంగులో. "నా దగ్గర ఆరు వేలున్నాయి, ఇందులో ఏం వస్తుంది?" అని అడిగితే ఆమె కాగితం తీసుకుని గంటలు లెక్కవేసి చెబుతుంది.